కపితానేస్ ఇంటికి వచ్చిన సీజన్

2022 నవంబరు 6 ఆదివారం నాడు మెక్సికో నగరపు మెట్రోలో మూడో లైను రైలు దిగి, ఆరో లైను పట్టుకోవడానికి దెపోర్తీవో దియెసియోచో దె మార్సో స్టేషనులో నిలబడ్డాను. ఆ స్టేషను నుంచి ఆరో లైను రెండు దిక్కులకూ వెళుతుంది. తూర్పున ఒక్క స్టేషను దూరంలో గ్వాదలూపె మాత కోవెల ఉంది. ఏ కష్టం గట్టెక్కాలన్నా, ఏ మొక్కు తీర్చుకోవాలన్నా ఈ దేశపు జనం వెతుక్కుంటూ వచ్చే చోటు అది. పడమట ఐదో స్టేషను ఫెర్రెరియా. అక్కడ దిగి మెట్లెక్కి బయటకు వస్తే అరేనా సియుదాద్ దె మెహికో అనే పెద్ద ఇండోర్ స్టేడియం కనిపిస్తుంది. ఆ రోజు నేను ఎక్కవలసింది పడమటి రైలు. పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్న తండ్రులు, చంకలో బంతి పెట్టుకున్న కుర్రాళ్ళు, పేరు రాసిన అట్టముక్క మడత పడకుండా గుండెకు హత్తుకున్న ఒక అమ్మాయి, అందరం ఒకే పెట్టెలో ఇరుక్కున్నాం.

ఆ రోజు కపితానేస్ దె లా సియుదాద్ దె మెహికో, అంటే మెక్సికో నగరపు కెప్టెన్లు అనే బాస్కెట్‌బాల్ జట్టు, జీ లీగ్‌లో తన సొంత నగరంలో మొదటిసారి ఆడబోతోంది. జీ లీగ్ అంటే అమెరికాలోని అగ్రశ్రేణి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ స్వయంగా నడిపే, ఎన్‌బీఏకి ఒక్క మెట్టు కింద ఉండే లీగ్. అమెరికా, కెనడా దేశాలకు బయట నుంచి అందులో అడుగుపెట్టిన మొదటి జట్టు కపితానేస్. ఆ రోజు ఎదుటి జట్టు రియో గ్రాండ్ వ్యాలీ వైపర్స్. అంతకు ముందు సీజన్‌లో కప్పు గెలిచినవాళ్ళు, మెక్సికో సరిహద్దును ఆనుకున్న టెక్సస్ లోయ నుంచి వచ్చినవాళ్ళు. కపితానేస్ పుట్టిన ఏడాది నుంచీ ఆ జట్టు ఆటలకు వెళుతున్నవాడిగా ఆ సీజన్ గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. కానీ ఆ సీజన్ సంగతి చెప్పాలంటే దానికి ఐదేళ్ళ ముందు, ఇంకొక చిన్న జిమ్నేజియంలో మొదలైన కథ చెప్పాలి.

నేను ఉద్యోగరీత్యా 2016లో ఈ నగరానికి వచ్చి, నార్వార్తె అనే పేటలో అద్దెకు దిగాను. మరుసటి ఏడాది సెప్టెంబరు 19న మధ్యాహ్నం 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. 1985లో ఈ నగరాన్ని నేలమట్టం చేసిన భూకంపం కూడా సరిగ్గా అదే తేదీన వచ్చింది కనుక, ఏటా ఆ రోజున జాగ్రత్తల కసరత్తు జరుగుతుంది. 2017లో ఆ కసరత్తు ముగిసిన రెండు గంటలకే నేల నిజంగా కదిలింది. మా చుట్టుపక్కల పేటల్లో భవనాలు కూలిపోయాయి. ఆ తరువాతి వారాల్లో ఇంట్లో ఒంటరిగా కూర్చోలేక, సాయంత్రాలు నలుగురు మనుషులు ఉండే చోటు ఏదైనా వెతుక్కుంటూ నడిచేవాణ్ణి. అలా నడుస్తూ ఒకనాడు హ్వాన్ దె లా బర్రేరా ఒలింపిక్ జిమ్నేజియం ముందు ఆగాను. 1968 ఒలింపిక్స్‌లో వాలీబాల్ పోటీల కోసం కట్టిన భవనం అది. పక్కనే ఈతకొలను ఉంటుంది. దాని పేరు ఫ్రాన్సిస్కో మార్కెస్. ఆ ఇద్దరూ 1847లో అమెరికా సైన్యం చపుల్తెపెక్ కోట మీదికి వచ్చినప్పుడు ప్రాణాలిచ్చిన సైనిక విద్యార్థులు, ఇక్కడి బడిపిల్లలు కంఠతా పట్టే ఆరు పేర్లలో రెండు. ఆ కుర్రవాడి పేరు పెట్టుకున్న జిమ్నేజియంలో కొత్తగా పుట్టిన ఒక జట్టు జాతీయ లీగ్ ఆడుతోందని తెలిసి, టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళాను.

మొదట నా మనసును పట్టుకున్నవి ఆ లీగ్‌లోని జట్ల పేర్లు. మెక్సికో జాతీయ వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ 2000లో 11 జట్లతో మొదలైంది. అక్కడి నుంచి జట్లు పుడుతూ, మూతపడుతూ, ఊర్లు మారుతూ వచ్చాయి, కానీ పేరు పెట్టే పద్ధతి మాత్రం మారలేదు. స్ట్రాబెర్రీ తోటలకు పేరుపడ్డ ఇరాప్వాతో జట్టు ఫ్రెసేరోస్, అంటే స్ట్రాబెర్రీ పండించేవాళ్ళు. అడవుల సీమ దురాంగో జట్టు లెన్యదోరెస్, కట్టెలు కొట్టేవాళ్ళు. దేశంలో అవకాడో పంటలో అత్యధిక భాగం పండే మిచొవకాన్ జట్టు అగ్వకతేరోస్. వెండి గనుల సకతేకస్ జట్టు మినేరోస్. వేసవిలో నిప్పులు చెరిగే ఎడారి పట్టణం మెహికాలి జట్టుకు సూర్యులని పేరు. చివావా జట్టు దొరాదోస్. విప్లవ కాలంలో పాంచో వీయా వెంట నడిచిన ఆశ్వికులకు ఉన్న పేరు అది. ఎదుటి జట్టు పేరు విన్న వెంటనే ఆ ఊరివాళ్ళు పొద్దున్నే లేచి ఏ పనికి పోతారో తెలిసిపోయే లీగ్ ఇది. పసిఫిక్ తీరాన మరో వృత్తి లీగ్ వేరుగా ఉంది. అది వసంతంలో ఆడుతుంది. జాతీయ లీగ్ ముగిసిన ఆటగాళ్ళలో చాలామంది సంచీ సర్దుకుని అక్కడికి వెళ్ళి, రెండు జట్లకు ఆడితేనే ఏడాది గడుస్తుంది. ఆ తీరపు లీగ్‌లో గ్వాయ్‌మస్ జట్టు ఆస్తియొనేరోస్, అంటే ఆల్చిప్పలు పట్టేవాళ్ళు. తిహ్వానా జట్టు జాంకీస్. తిహ్వానా వీధుల్లో పర్యాటకుల ఫోటోల కోసం గాడిదలను బండికి కట్టి నిలబెట్టేవారు. నలుపు తెలుపు ఫోటోల్లో తెల్ల గాడిద సరిగా కనిపించడం లేదని దాని ఒంటి మీద నల్ల చారలు గీశారు. జీబ్రాలా కనబడే ఆ గాడిదలే ఆ జట్టు పేరయ్యాయి.

ఆ మొదటి సాయంత్రమే నా పక్క సీటులో ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. ఒవహాకా రాష్ట్రపు ఉత్తర కొండల నుంచి చిన్నప్పుడే ఈ నగరానికి వచ్చి, తాపీపని చేస్తూ పిల్లల్ని పెంచినవాడు. నేను ఇంజనీరునని చెప్పాక ఈ దేశపు అలవాటు ప్రకారం నన్ను ఇంజనీరు అనే పిలిచేవాడు, మీరు అనే మన్నించేవాడు. ఆ వయసు మనిషిని నేను గౌరవంగా డాన్ అని తప్ప ఇంకెలా పిలవగలను? ఆ కొండల్లో ఏ ఊరికి వెళ్ళినా పంచాయతీ కచేరీ ముందు, చర్చి ముందు ఉండేది బాస్కెట్‌బాల్ కోర్టేనని, సంత జరిగినా పెళ్ళి జరిగినా ఊరి సభ జరిగినా ఆ కోర్టు మీదేనని ఆయన చెప్పాడు. ఏటవాలు కొండ మీద ఫుట్‌బాల్ మైదానానికి చదును నేల దొరకదు. కోర్టుకు కావలసిన కాస్త జాగా మాత్రం ప్రతి ఊరికీ దొరుకుతుంది. మెక్సికో పూర్వ అధ్యక్షుడు బెనీతో హువారెస్ పుట్టిన గ్వెలతావ్ అనే ఊళ్ళో ఏటా మార్చిలో ఆయన జయంతికి ఆ కొండల ఊళ్ళన్నీ కలిసి కప్పు ఆడతాయి. పెద్దాయన తన యౌవనంలో అక్కడ ఆడాడట. "మా ఊరి జట్టుకు ప్రేక్షకులు రారు, ఊరే వస్తుంది, ఇంజనీరూ" అని ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

మెక్సికోలో బాస్కెట్‌బాల్ అంటే ఫుట్‌బాల్ నీడలో బతికే ఆట అని బయటివాళ్ళం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో, బాస్కెట్‌బాల్ మొదటిసారి ప్రవేశించిన ఆ ఒలింపిక్స్‌లోనే, మెక్సికో పోలండ్‌ను ఓడించి కాంస్యం గెలుచుకున్నదని నాకు చెప్పింది ఆ పెద్దాయనే. తమావులీపస్ రాష్ట్రం నుంచి ఇటలీలోని వరేసె జట్టుకు వెళ్ళి 1970లో, 1972లో, 1973లో యూరప్ క్లబ్బు కప్పులు గెలిచిన మాన్వెల్ రాగా గురించి కూడా ఆయనే చెప్పాడు. ఎగిరే మెక్సికన్ అని పేరు తెచ్చుకున్న ఆ మనిషి ఎత్తు పెద్దగా లేదని, గాలిలో మాత్రం అందరికన్నా ఆలస్యంగా దిగేవాడని చెబుతూ పెద్దాయన తన అరచేతిని పైకెత్తి, గాలిలో కాసేపు అలాగే నిలిపి చూపించాడు.

ఆ జిమ్నేజియంలో పట్టేది సుమారు ఐదు వేల మంది. కింది వరుసలో కూర్చుంటే బూట్ల అడుగు చెక్క మీద కీచుమనే చప్పుడు, కోచ్ రమోన్ దీయస్ అరుపు, బంతి పట్టుకున్నవాడి ఊపిరి కూడా వినిపించేవి. దీయస్ స్పెయిన్ దేశస్థుడు. జట్టు పుట్టినప్పటి నుంచీ ఆయనే కోచ్. చేతులు కట్టుకుని గీత అంచున నిలబడి, తన ఆటగాడు తప్పు పాస్ ఇచ్చిన ప్రతిసారీ ముందు నేల వైపు చూసి ఆ తరువాతే అతని వైపు చూసేవాడు. విరామంలో మేము ఎస్కీతెస్ తినేవాళ్ళం. ఉడకబెట్టిన మొక్కజొన్న గింజల మీద కారం, నిమ్మరసం, జున్ను వేసి గ్లాసులో ఇస్తారు. మొక్కజొన్న, మిరప రెండూ ఈ నేల నుంచే లోకమంతా తిరిగి మన దాకా వచ్చాయి కదా. కారం నాలుక్కి తగిలిన క్షణాన నాకు ఆ జిమ్నేజియంలో పరాయితనం పోయింది. కొత్త జట్టు తన మొదటి రెండు సీజన్లలోనూ జాతీయ లీగ్ ఫైనల్‌కు చేరింది. రెండుసార్లూ కప్పు చేతికి రాలేదు. రెండుసార్లూ జనం జట్టును తిట్టకుండా చప్పట్లతో లోపలికి పంపారు.

2019 డిసెంబరు 12న కబురు వచ్చింది. ఆ తేదీ గ్వాదలూపె మాత పండుగ. దేశం నలుమూలల నుంచి లక్షల మంది యాత్రికులు, కొందరు మోకాళ్ళ మీద కూడా, కోవెలకు వస్తారు. అదే రోజు ఎన్‌బీఏ కమిషనర్ ఆడమ్ సిల్వర్ ఈ నగరంలో కూర్చుని, కపితానేస్ జీ లీగ్‌లో చేరుతుందని, ఐదేళ్ళకు ఒప్పందమని ప్రకటించాడు. ఆ రాత్రి అరేనాలో ఎన్‌బీఏ జట్లు డల్లాస్ మావెరిక్స్‌కూ డెట్రాయిట్ పిస్టన్స్‌కూ జరిగిన ఆటలో డల్లాస్ ఆటగాడు లూకా డాన్చిచ్ 41 పాయింట్లు కొట్టాడు. ఆరో లైను రైలు ఆ రోజు రెండు వైపులా కిక్కిరిసి నడిచింది. మాత పటాన్ని వీపుకు కట్టుకున్న యాత్రికులు తూర్పు రైలు కోసం, డాన్చిచ్ పేరున్న చొక్కాలు వేసుకున్న పిల్లలు పడమటి రైలు కోసం ఒకే స్టేషనులో ఎదురుచూడడం నా కళ్ళతో చూశాను.

పెద్దాయన మాత్రం ఆ వార్త విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అయితే ఇరాప్వాతోవాళ్ళు ఇక రారన్నమాట" అన్నాడు. నేను ఆ కోణం నుంచి ఆలోచించనే లేదు. రెండు కోట్ల పైచిలుకు జనమున్న మహానగరానికి ఎన్‌బీఏ తలుపు తెరుచుకుంటున్నదన్న సంతోషంలో, ఈ తలుపు తెరుచుకుంటే ఆ తలుపు మూసుకుంటుందన్న సంగతి నాకు తట్టలేదు. స్ట్రాబెర్రీవాళ్ళు, కట్టెలవాళ్ళు, గనులవాళ్ళు ఇక మా జిమ్నేజియానికి రారు. మా వాళ్ళు వాళ్ళ ఊళ్ళకు బస్సుల్లో వెళ్ళరు.

తరువాత జరిగినది ఎవరి చేతిలోనూ లేదు. మహమ్మారి వచ్చింది. 2020-21 సీజన్‌ను జీ లీగ్ ఫ్లోరిడాలో ఒకే చోట, బయటివాళ్ళకు ప్రవేశం లేకుండా జరిపింది. కపితానేస్ అందులో లేదు. 2021 నవంబరులో జట్టు ఎట్టకేలకు జీ లీగ్‌లో అడుగుపెట్టింది, కానీ తన నగరంలో కాదు. టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌ను మకాంగా చేసుకుని, సీజన్ మొదటి భాగం మాత్రమే ఆడింది. చొక్కా మీద మెక్సికో నగరం పేరు, ఆడేదంతా అమెరికాలో. ఆ ఆటలను నేను మా గదిలో ఫోన్లో చూసేవాణ్ణి. సొంత జట్టు ఆడుతుంటే ప్రేక్షకుల చప్పుడు వేరే ఊరిది కావడం ఎంత వెలితిగా ఉంటుందో ఆ రెండు నెలల్లో తెలిసింది. ఆ కొద్ది ఆటల్లోనే కపితానేస్ ఆటగాడు అల్ఫాంజో మెకిన్నీని డిసెంబరులో షికాగో బుల్స్ పిలిచి తీసుకుంది. మా చొక్కా వేసుకున్నవాడు పది రోజుల తేడాలో ఎన్‌బీఏ కోర్టు మీద కనిపించడం నాకు గర్వంగానే ఉంది. అయితే అతను మా నగరంలో ఒక్క ఆటైనా ఆడకుండానే వెళ్ళిపోయాడు.

అందుకే 2022 నవంబరులో ఆ పడమటి రైలులో నిలబడ్డ అందరికీ, ఆ రోజు ఆడేది ఎవరితో అన్న దానికన్నా, ఎక్కడ ఆడుతున్నారన్నదే పెద్ద సంగతి. అరేనా 2012లో తెరిచారు. ఇరవై వేల మందికి పైగా పడతారు. 2013 డిసెంబరులో ఇక్కడ ఎన్‌బీఏ జట్లు స్పర్స్, టింబర్‌వుల్వ్స్ ఆడవలసిన ఆట జనరేటరు మంటల పొగ లోపలికి కమ్మడంతో ఆగిపోయింది. అలాంటి రాత్రి కూడా ఆ భవనం చూసింది. మేము వెళ్ళేసరికి కింది వరుసలు నిండి, పై వరుసలు అక్కడక్కడా ఖాళీగా ఉన్నాయి. ఐదు వేల మంది గొంతు చిన్న జిమ్నేజియంలో గోడలకు తగిలి తిరిగి వచ్చేది. ఇక్కడ అది పైకప్పు దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయినట్టు అనిపించింది. మొదట కొంతసేపు పెద్దాయనా నేనూ ఆ పెద్ద చీకటిలో చిన్నబోయినట్టు కూర్చున్నాం. అప్పుడు ఎవరో ఎడమ వైపు పై వరుసల నుంచి ఈ దేశపు పాత కేక అందుకున్నారు: ఆ లా బియో, ఆ లా బావో, ఆ లా బిం బోం బా. ఒక వరుస నుంచి ఇంకో వరుసకు అది కిందికి దిగి, మా దగ్గరికి వచ్చేసరికి మేమూ లేచి నిలబడ్డాం.

కొత్త లీగ్ నిబంధనలు మా వాళ్ళకు అలవాటు కావడానికి కొన్ని వారాలు పట్టింది. జాతీయ లీగ్ ఆడేది అంతర్జాతీయ నిబంధనల మీద: పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, రెండు పాయింట్ల ప్రయత్నంలో ఫౌల్ జరిగితే రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నిలబడి బుట్టలోకి వేసే బంతులు. జీ లీగ్‌లో క్వార్టరు పన్నెండు నిమిషాలు. ఆట త్వరగా సాగాలని, ఆఖరి రెండు నిమిషాలు మినహా, ఒక్క ఫ్రీ త్రో మాత్రమే వేయిస్తారు. అది పడితే రెండు పాయింట్లకు ఫౌల్ అయినప్పుడు రెండు, మూడింటికి అయినప్పుడు మూడు వస్తాయి. పోతే అన్నీ పోతాయి. మొదటి రోజు మా ఆటగాడు గీత దగ్గర నిలబడి ఒక్కటి వేసి వెనక్కి తిరిగితే, రెండోది ఏదీ అని చుట్టూ జనం ఈలలు వేశారు. ఇక్కడ ఈల అంటే మెచ్చుకోలు కాదు, నిరసన. రిఫరీ తప్పు చేశాడనే అందరూ అనుకున్నారు. స్కోరుబోర్డు మీద ఒక్కసారిగా రెండు పాయింట్లు కలవడం చూసి పెద్దాయన నా వైపు తిరిగి, "ఒకటి వేస్తే రెండా?" అని అడిగాడు. నేను వివరించాను. "మనిషి రెండోసారి ప్రయత్నించే అవకాశం ఇవ్వరన్నమాట" అని, ఆ తరువాత ఆ రాత్రంతా ప్రతి ఫ్రీ త్రోకీ ఊపిరి బిగపట్టాడు.

ఈ నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. ఎన్‌బీఏలో ఎత్తుకు పేరుపడ్డ డెన్వర్ కూడా 1,600 మీటర్లకు కాస్త పైన మాత్రమే. తీరప్రాంతంతో పోలిస్తే ఇక్కడ ఊపిరికి అందే ఆక్సిజను దాదాపు నాలుగో వంతు తక్కువ. నేను వచ్చిన కొత్తలో మెట్రో మెట్లు ఎక్కితే నిలబడిపోయేవాణ్ణి కనుక, మూడో క్వార్టరులో ఎదుటి జట్టు పొడుగాటి ఆటగాళ్ళు మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, నోరు తెరిచి గాలి పీల్చుకోవడం చూస్తే వాళ్ళ మీద జాలి కలిగేది. మా దీయస్ సరిగ్గా అప్పుడే వేగం పెంచమని చేతితో సైగ చేసేవాడు. ఈ ఎత్తు జట్టుకు ఆరో ఆటగాడు అని జనం అనుకునే మాటలో అతిశయోక్తి లేదు.

ఆ సీజన్‌లో ఈ కోర్టు మీద అడుగుపెట్టినవాళ్ళ పేర్లు చిన్నవి కావు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో 2015లో మూడో స్థానంలో ఎంపికైన జాలీల్ ఒకాఫోర్ మా చొక్కా వేసుకున్నాడు. యూకాన్ విశ్వవిద్యాలయానికి 2014లో జాతీయ టైటిల్ తెచ్చిన షబాజ్ నేపియర్ వచ్చాడు, మూడు పాయింట్ల గీత బయట అతని చేతి నుంచి బంతి వెళ్ళే తీరు చూసి మేము మురిసిపోయే లోపే, సీజన్ మధ్యలో ఇటలీలోని మిలానో జట్టుకు వెళ్ళిపోయాడు. జీ లీగ్ స్వభావమే అంత. అందులో బాగా ఆడడమంటే అక్కడి నుంచి వెళ్ళిపోవడమే. పైగా మిగతా జట్లలో చాలావాటికి ఒక్కో ఎన్‌బీఏ జట్టు యజమానిగా ఉంటే, కపితానేస్ ఎవరికీ అనుబంధం కాదు; కనుక మా ఆటగాణ్ణి ఏ ఎన్‌బీఏ జట్టైనా పిలవవచ్చు. ఆటగాడికి ఇది వరం. పిల్లవాడికి ఇష్టమైన ఆటగాడి పేరున్న చొక్కా కొనిచ్చిన తండ్రికి మాత్రం ప్రతి వారం గుండె దడే.

ఆ సీజన్‌లో నన్ను నిజంగా బాధపెట్టినది వేరొకటి ఉంది. జాతీయ లీగ్‌లో విదేశీ ఆటగాళ్ళ సంఖ్యకు హద్దు ఉంటుంది కనుక, మిగతా చోట్లలో మెక్సికో కుర్రాళ్ళు ఆడక తప్పదు. ఓటమిలో నేర్చుకునేదీ వాళ్ళే, గెలుపులో మోసేదీ వాళ్ళే. జీ లీగ్‌లో ఆ హద్దు లేదు. కపితానేస్ జట్టులో అత్యధికులు అమెరికావాళ్ళే అయ్యారు. ఓర్లాందో మెందెస్, ఫాబియాన్ హైమెస్ లాంటి జాతీయ జట్టు ఆటగాళ్ళు ఈ కొత్త లీగ్‌లోకి జట్టుతో పాటు నడిచి వచ్చారు, కానీ వాళ్ళ నిమిషాలు తగ్గాయి. హైమెస్ బెంచి మీద నుంచి లేచి వార్మప్ చొక్కా విప్పుతున్నప్పుడు అరేనాలో లేచే చప్పుడు, ఒకాఫోర్ రెండు చేతులతో బంతిని బుట్టలో దించినప్పుడు కూడా లేచేది కాదు. చప్పుడు అంత స్పష్టంగా చెబుతున్న సంగతిని నిర్వాహకులు వినాలని ఆ రోజు నేను కోరుకున్నాను, ఈ రోజు కూడా కోరుకుంటున్నాను. దేశపు రాజధాని పేరు పెట్టుకున్న జట్టులో ఆ దేశపు కుర్రవాడు ఇరవై నిమిషాలు ఆడడం, ఎన్‌బీఏకి దగ్గర కావడం కన్నా తక్కువ ముఖ్యమైన విషయమని నేను అనుకోను.

ఎందుకంటే జాతీయ లీగ్ నుంచి ఎన్‌బీఏకి దారి ఈ ఒప్పందానికి ముందే ఉంది. నయారీత్ రాష్ట్రంవాడు గుస్తావో అయోన్ హలాపా జట్టుకు జాతీయ లీగ్‌లో ఆడి, 2009లో స్పెయిన్ వెళ్ళి, 2011లో న్యూ ఓర్లీన్స్ జట్టుతో ఎన్‌బీఏలో చేరాడు. తరువాత రియల్ మాడ్రిడ్‌తో 2015లో, 2018లో యూరోలీగ్ గెలిచాడు. 2013లో కరాకస్‌లో జరిగిన అమెరికా ఖండాల పోటీలో మెక్సికో ప్వెర్తో రీకోను ఫైనల్‌లో ఓడించి బంగారం తెచ్చినప్పుడు ఉత్తమ ఆటగాడు అతనే. ఓక్లాండ్‌లో మిచొవకాన్ మూలాల కుటుంబంలో పుట్టిన హ్వాన్ తోస్కానో ఆండర్సన్ మెహికాలి సూర్యులకూ మోంతెర్రెయ్ జట్టుకూ ఆడి, ఆ బస్సు ప్రయాణాలన్నీ చేసి, 2022లో గోల్డెన్ స్టేట్ వారియర్స్‌తో ఎన్‌బీఏ విజేత అయ్యాడు. గెలిచిన రాత్రి మెక్సికో జెండా కప్పుకుని నిలబడ్డ అతని ఫోటో ఇక్కడి టాకో దుకాణాల గోడల మీద నేను చూశాను. ఆ తరువాతి సీజన్‌లో అతను కపితానేస్‌కు వచ్చి, ఇక్కడి నుంచే శాక్రమెంటో కింగ్స్‌కు వెళ్ళాడు. కొత్త దారి పాత దారితో కలిసిన ఆ కొన్ని వారాలు నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ప్రియమైనవి.

2022 డిసెంబరు 17న ఇదే అరేనాలో మయామి హీట్ 111-101తో శాన్ ఆంటోనియో స్పర్స్‌ను ఓడించింది. ఆ రోజు పై వరుసల వరకూ నిండింది. మరుసటి వారాల్లో కపితానేస్ ఆటలకు వచ్చే జనం పెరిగారు. అరేనా పెద్దదైనా దానికి కొద్ది కొద్దిగా సొంత చప్పుడు పుట్టింది. ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో, ఏ మూల నుంచి మొదటి కేక వస్తుందో తెలిసింది. ఫిబ్రవరి నాటికి ఒక్క ఫ్రీ త్రోకు ఎవరూ ఈల వేయడం లేదు. తరువాతి కాలంలో దీయస్ జట్టును విడిచాడు. మొదటి రోజు నుంచీ ఉన్న మనిషి ఆయన. ఆయన లేని గీత అంచును ఊహించుకోవడం నాకు కష్టమైంది.

హ్వాన్ దె లా బర్రేరా జిమ్నేజియం వైపు నేను చాలా కాలం వెళ్ళలేదు. 2024లో ఈ నగరపు పాత బేస్‌బాల్ జట్టు దియాబ్లోస్ రోహోస్, అంటే ఎర్ర దెయ్యాలు, బాస్కెట్‌బాల్ జట్టును కూడా పెట్టి జాతీయ లీగ్‌లో చేరిందని, ఆటలు ఆ జిమ్నేజియంలోనేనని పెద్దాయన ఫోను చేసి చెప్పాడు. ఆ జట్టు తన మొదటి సీజన్‌లోనే కప్పు గెలిచింది. మేము కపితానేస్ ఆటలకు వెళ్ళడం మానలేదు. ఇప్పుడు రెండు చోట్లకూ వెళతాం, ఒక వారం ఆరో లైను, ఒక వారం నడక.

తిరిగి వెళ్ళిన మొదటి సాయంత్రం పాత ద్వారం, పాత మెట్లు, ద్వారం దగ్గర ఎస్కీతెస్ బండి అన్నీ ఉన్నాయి. పెద్దాయన మోకాళ్ళు ఇప్పుడు సహకరించడం లేదు కనుక కింది వరుసలోనే కూర్చున్నాం. బూట్ల కీచు చప్పుడు వినిపిస్తోంది. రెండో నిమిషంలోనే మా కుర్రవాడు ఒకడు బుట్ట కిందికి దూసుకుపోతుంటే ఫౌల్ అయింది. అతను గీత దగ్గరికి వచ్చి, బంతిని మూడుసార్లు నేలకు కొట్టి, వేశాడు. రింగు అంచుకు తగిలి పక్కకు పడింది. నేను అప్రయత్నంగా నిట్టూర్చాను. పెద్దాయన నా చేయి పట్టుకుని, రిఫరీ బంతిని మళ్ళీ ఆ కుర్రవాడి చేతికి ఇవ్వడం చూపిస్తూ, "ఇంకొకటి ఉంది, ఇంజనీరూ, ఇక్కడ ఇంకొకటి ఉంది" అన్నాడు.